పోలీసు బండి మీద బురద

బండి కింద పడుకున్న మనిషికి లోకమంతా బూట్ల ఎత్తులోనే కనిపిస్తుంది. అందుకే ఆమెకు అతని మొహం కంటే ముందు అతని బూట్లు కనిపించాయి. నల్లగా నిగనిగలాడుతున్న బూట్లు. వాటి పక్కన నీళ్ల బకెట్టు ఒకటి దబ్బున దిగింది.

“బయటికి రండి,” అన్నాయి బూట్లు.

“ఒక్క నిమిషం. సైలెన్సర్ కొలత ఒక్కటే మిగిలింది.”

“నేను పోలీసుని.”

“పోలీసు బండి దగ్గర పోలీసు కాక ఇంకెవరుంటారండీ? కాస్త ఆ టార్చి ఇటు తోస్తారా? మీ కాలి దగ్గరే పడింది.”

బూట్లు కాసేపు ఆలోచించుకున్నాయి. తర్వాత టార్చి దొర్లుకుంటూ లోపలికి వచ్చింది. ఆమె కొలత పూర్తిచేసుకుని, వెల్లకిలా జరుక్కుంటూ బయటికి వచ్చేసరికి ముక్కు మీద గ్రీజు, జుట్టు నిండా దుమ్ము, చేతిలో టేపు. ఎదురుగా యూనిఫాంలో పొడుగాటి కుర్రాడు, భుజం మీద తుడుపు గుడ్డ వేసుకుని నిలబడి ఉన్నాడు. స్టేషన్ పికప్ బండికి డ్రైవరు.

“ఏం చేస్తున్నారు కింద?”

“కొలుస్తున్నాను.”

“ఎందుకు?”

“చెయ్యడానికి.”

“ఏం చెయ్యడానికి?”

“బండిని.”

డ్రైవరు బండి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. పిచ్చిదేమో అనుకున్నట్టున్నాడు, గొంతు కాస్త మెత్తబడింది. “బండి ఉందిగా మేడమ్. మళ్లీ చెయ్యడం ఎందుకు?”

“ఇంత బండి,” అని ఆమె రెండు అరచేతులూ జానెడు ఎడంగా పెట్టి చూపించింది. “స్కేల్ మోడల్. దీనికి ఇరవైనాలుగో వంతు. వైపర్లు, సైరన్, వెనక బెంచీలు, అన్నీ ఉంటాయి.”

“ఓహో, ఆడుకునే బొమ్మా!”

అదిగో, ఆ ఒక్క మాటే అనకూడనిది.

ఆమెను వీధిలో అందరూ పళ్లమ్మాయి అంటారు. తోపుడు బండి మీద పళ్లు అమ్ముతుందని కాదు, పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిపెట్టే ల్యాబులో ఆమె ఉద్యోగం. పగలంతా మైనంతో, ప్లాస్టరుతో, సన్నటి స్టీలు తీగలతో ఊళ్లోవాళ్ల నోళ్లు బాగుచేస్తుంది. సాయంత్రాలు అవే పనిముట్లతో చిన్న చిన్న వాహనాలు చేస్తుంది. పోయిన ఏడాది మోడళ్ల పోటీకి అంబులెన్స్ చేసి పెట్టింది. లోపల స్ట్రెచర్ మడత కూడా విప్పుకునేది. జడ్జి కళ్లజోడు సవరించుకుని చూసి, “చాలా శుభ్రంగా ఉందమ్మా. బొమ్మలా ఉంది,” అనేసి పక్క బల్లకు వెళ్లిపోయాడు.

ఆ మాట ముల్లులా దిగి ఏడాదిగా అక్కడే ఉండిపోయింది. ఈసారి తను చేసే బండిని చూసి ఆ జడ్జి, హారన్ కొడుతుందేమోనని పక్కకు తప్పుకోవాలి. అంతకు తక్కువైతే ఒప్పుకునేది లేదని ఆమె పంతం.

“బొమ్మ కాదు,” అంది పళ్లు బిగించి. “మీ ఇన్‌స్పెక్టరుగారు సరేనంటే కొలుచుకోవచ్చా?”

“అంటే కొలుచుకోండి. ఆయన అనరు.”

కానీ ఆయన సరేనన్నాడు. ఇన్‌స్పెక్టరుగారి ముందు పళ్లు రెండూ ఆమె చేతిలోనే తయారయ్యాయి మరి. ఆయన గుమ్మంలోకి వచ్చి ఆ పళ్లతోనే వెడల్పుగా నవ్వి, “పొద్దున్నపూట మా డ్రైవరు బండి దగ్గరే ఉంటాడమ్మా. అప్పుడొచ్చి ఎంత కావాలంటే అంత కొలుచుకో,” అన్నాడు. డ్రైవరు మొహం మాడిన పెనంలా అయింది. ఆమె ఆ మొహాన్ని కూడా మనసులోనే కొలిచి పెట్టుకుంది.

మర్నాటినుంచి ల్యాబుకు వెళ్లే ముందు ఆమె స్టేషన్‌కు వెళ్లడం మొదలైంది. వెళ్లిన ప్రతిసారీ ఒకటే దృశ్యం. అతను బండి కడుగుతూ ఉంటాడు. ముందు పైకప్పు, తర్వాత బానెట్, తర్వాత తలుపులు, చివరికి చక్రాల లోపలి వైపు చేయి దూర్చి మరీ.

“ఇంకా కాలేదా స్నానం?” అనేది ఆమె గేటు దగ్గరినుంచే.

“తొందరైతే మీరూ ఓ గుడ్డ పట్టండి.”

“నేను కొలవడానికొచ్చాను, కడగడానికి కాదు.”

“తడి బండి కొలిస్తే సాగుతుంది. ఆరేదాకా ఆగండి.”

ఆ బండిని అంతకుముందు అతని తండ్రి నడిపాడట. ఉద్యోగం చివరిరోజున తాళంచెవి కొడుకు చేతిలో పెట్టి, “దీనిమీద మచ్చ పడనివ్వకు,” అన్నాడట. అంతే, ఇంకేం చెప్పలేదట. కొడుకు అప్పటినుంచీ పడనివ్వలేదు. ఇదంతా అతను చక్రం తోముతూ చెప్పాడు. ఆమె అప్పుడు చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో చూసుకుంటోంది. చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఒకరోజు కొలతల మధ్యలో వాన ముంచుకొచ్చింది. ఇద్దరూ పరుగెత్తి బండిలో కూర్చున్నారు, అతను స్టీరింగ్ వెనక, ఆమె ఇన్‌స్పెక్టరుగారి సీట్లో. అద్దాల మీద నీళ్లు ధారలుగా జారుతున్నాయి. బయట లోకం లేనట్టే ఉంది.

“మీరు నవ్వితే కుడిపక్క పన్ను ఒకటి కాస్త ముందుకొస్తుంది,” అంది ఆమె ఉన్నట్టుండి.

అతను చటుక్కున నోరు మూసుకున్నాడు. “బాగోదా?”

“బాగుంటుంది. అలాంటిది చెయ్యమంటేనే మాకు కష్టం. ఎవరూ అడగరు కూడా.”

“మరి నేను అడిగితే?”

“ఉన్నదాన్ని మళ్లీ చెయ్యడం ఎందుకండీ?” అంది ఆమె అతని గొంతుతో.

అతను మూతి మూసుకోవడం మర్చిపోయి నవ్వాడు. ఆ పన్ను బయటికి వచ్చింది. వాన వెలిసింది గాని ఇద్దరిలో ఎవరూ తలుపు తీయలేదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి అద్దం మీద తట్టాక దిగారు.

తర్వాత అతనే కారణాలు వెతుక్కుని ఆమె ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటిసారి యూనిఫాంలో వచ్చేసరికి ఆమె తల్లి తలుపు సగం తీసి, మెడ వెనక్కి తిప్పి, “ఏమే, పోలీసులొచ్చారు! ఎవరి పళ్లు ఊడిపోయాయి?” అని కేకేసింది.

“ఏం లేదండీ,” అన్నాడు అతను చెవులు ఎర్రబడుతుంటే. “మా బండి వైర్‌లెస్ ఏరియల్ కొంచెం ఎడమకి వంగి ఉంటుంది. చెప్పడం మర్చిపోయాను. అది చెప్పి పోదామని.”

“దానికి ఫోను చాలదా బాబూ?”

“వంపు ఫోనులో చూపించలేం కదండీ,” అన్నాడు. తల్లి కూతురి మొహం చూసింది, అతని మొహం చూసింది, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఏరియల్ తర్వాత మడ్‌గార్డుల అంచు, ఆ తర్వాత వెనక గొలుసు కొక్కెం. కిటికీ పక్కన ఆమె బల్ల మీద బండి పెరుగుతూ వచ్చింది. పళ్లకు వేసే తీగనే అల్లి కిటికీలకు జాలీలు చేసింది. పారదర్శకంగా గట్టిపడే రసాయనంలో రంగు కలిపి ఎర్ర దీపం, నీలం దీపం పోసింది. తలుపు మీద ‘పోలీస్’ అన్న అక్షరాలు కనురెప్ప వెంట్రుకంత కుంచెతో దిద్దుతుంటే అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆఖరి అక్షరం పూర్తయ్యాక ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం అతను టీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

“బండిని తీసేశారు. వయసైపోయిందట. పాత బండ్ల డిపోకి తోలేసి వచ్చాను. కొత్తది వస్తుంది.”

ఆమె కుంచె కింద పెట్టింది. “మీ నాన్నగారు?”

“సాగనంపడానికి రమ్మన్నాను, రాలేదు. చచ్చినవాణ్ణి చూడ్డానికి నేను రాను అన్నారు.” బల్ల వైపు తిరిగి, “మీ బండి ఎప్పటికవుతుంది?” అన్నాడు.

“పోటీకి రెండు రోజుల ముందే అయిపోతుంది.”

“అయితే నాన్నని తీసుకొస్తాను. దీన్ని చూస్తే ఆయన మనసు కుదుటపడుతుంది.” గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “ఆయనతో ఇంకో మాట కూడా చెప్పాలి. బండి చూసి ఆయన ఆనందంగా ఉన్నప్పుడు చెప్తాను.”

“ఏ మాట?”

“అప్పుడు వింటారుగా,” అని మెట్లు దిగేశాడు. ఆమె ఆ రాత్రి అన్నంలో నీళ్లు పోసుకుందో మజ్జిగ పోసుకుందో ఆమెకే తెలియలేదు.

మోడల్ చేసేవాళ్లకు ఆఖరి పని ఒకటి ఉంటుంది. కొత్తగా మెరిసే బండిని పాతబరచడం. వెదరింగ్ అంటారు. చక్రాల చుట్టూ బురద, తలుపుల అడుగున తుప్పు, బంపర్ మీద గీతలు. అది లేకపోతే ఎంత గొప్ప మోడలైనా షాపులో కొన్నట్టే ఉంటుంది. పోయిన ఏడాది ఆమె చెయ్యనిది సరిగ్గా అదే. ఈసారి కసి తీరా చేసింది. పళ్ల అచ్చులు పోసే ప్లాస్టరులో మట్టిరంగు కలిపి చక్రాల మీద చిమ్మింది. తుప్పు పొడిని సన్నటి కుంచెతో తలుపుల అంచున అద్దింది. బానెట్ మీద నీళ్ల మరకలు, పక్కన ఒక సొట్ట. మెడ పట్టేసేదాకా చేసి, వెనక్కి జరిగి చూసుకుంటే ఆమెకే ఒళ్లు పులకరించింది. బండి ఇప్పుడే ఏ దొంగనో తరిమి వచ్చి ఆగినట్టుంది.

తల్లి వచ్చి తొంగి చూసి, “బంగారంలాంటి బండిని పాడు చేశావేంటే?” అంది.

“ఇదే అమ్మా అసలు కళ.”

“ఏం కళో! నాకైతే కడగాలనిపిస్తోంది.”

అతను తండ్రిని తీసుకువచ్చిన రోజు ఆమె బండి మీద తెల్లగుడ్డ కప్పి ఉంచింది. పెద్దాయన సన్నగా, నిటారుగా, చేతులు వెనక కట్టుకుని లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద ముడత లేదు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు.

“ఎక్కడమ్మా మా బండి?”

ఆమె గుడ్డ తీసింది.

పెద్దాయన వంగి చూశాడు. అలా చాలాసేపు చూశాడు. ఇంతసేపు చూస్తున్నాడంటే నచ్చినట్టే కదా అనుకుంది ఆమె.

“ఇది మా బండేనా?”

“మీదేనండీ! ప్రతి బోల్టూ కొలిచాను. ఉన్నది ఉన్నట్టు దింపాను. ఒక్క చుక్క నా సొంతంగా వెయ్యలేదు.”

“ఈ తుప్పు కూడానా?”

“అన్నీ అంతేనండీ!” అంది ఆమె, మెచ్చుకుంటున్నాడనుకుని పొంగిపోతూ.

పెద్దాయన నిటారుగా లేచి కొడుకు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “అందుకన్నమాట తీసేసింది.”

అతను నోరు తెరిచాడు. ఆమె వైపు చూశాడు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. నోరు మూసుకున్నాడు.

“నీ చేతికిచ్చినరోజు దానిమీద మచ్చ లేదురా,” అని పెద్దాయన వాకిట్లోకి నడిచాడు.

“చాలా బాగా చేశారు,” అన్నాడు అతను ఆమెతో, మెల్లగా. తండ్రి వెనకే వెళ్లిపోయాడు.

నవ్వు మొహం మీద ఉండగానే ఆమెకు సంగతి అర్థమైంది. తన బురద అతని మీద పడింది. ‘ఆ అమ్మాయి అబద్ధం చెప్తోంది నాన్నా’ అని ఒక్క మాట అంటే బయటపడేవాడు. అనలేదు. తనను తక్కువ చెయ్యడం ఇష్టంలేక, తండ్రి ముందు అతనే తక్కువైపోయి వెళ్లాడు. ఈ మనిషిని పోగొట్టుకోకూడదు అనుకుంది. అనుకున్న మరుక్షణం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

వీధి మలుపులో వాళ్లను అందుకుంది.

“సార్! ఆ తుప్పు నేను వేసింది సార్. అసలు బండి మీద లేదు. పోటీల్లో అలా వేస్తారు. మీ అబ్బాయి తప్పేం లేదు.”

పెద్దాయన ఆగి జాలిగా చూశాడు. “మంచిదానివమ్మా. వాణ్ణి వెనకేసుకొస్తున్నావు. కానీ స్టేషన్లో నా వయసంతా గడిచింది. తప్పు పట్టకముందు చెప్పేది నిజం, తప్పు పట్టాక చెప్పేది సర్దుబాటు.”

“ఫొటోలున్నాయి, చూడండి!”

“ఫొటో అంటే ఎవడైనా మొహం కడుక్కునే నిలబడతాడు.”

“పోనీ డిపోకి వెళ్లి...”

“నేను రానమ్మా,” అని ఆయన నడిచాడు.

అతను వెనక నిలబడ్డాడు. “వదిలెయ్యండి. ఆయనకి ఇప్పుడు ఎవరేం చెప్పినా ఎక్కదు.”

“వదలను.”

“మీకు ఎల్లుండి పోటీ ఉంది.”

“ఉంది. అయినా వదలను,” అంది ఆమె. కాలికి రాయి గుచ్చుకుని నొప్పి పుడుతోంది, అయినా కదల్లేదు. “మాటలతో చెడింది కాబట్టి మాటలతో బాగుపడదు. చేత్తో చేసి చూపిస్తాను.”

తెల్లారగానే ఆమె ల్యాబుకు సెలవు పెట్టి డిపోకు వెళ్లింది. తుప్పుపట్టిన బస్సుల మధ్య, కుంగిపోయిన లారీల మధ్య ఆ పికప్ నిలబడి ఉంది. పైన దుమ్ము పేరుకుంది. ఆమె చున్నీ కొసతో బానెట్ తుడిచి చూసింది, మొదటిసారిగా ఏ కొలతా తీసుకోకుండా.

ఇన్నాళ్లూ ఆమె పాతదనం అంటే బురదా తుప్పూ అనే అనుకుంది, వాటికోసమే వెతికింది. ఇక్కడ ఉన్న పాతదనం వేరే రకం. తలుపు మీది అక్షరాల అంచులు మెత్తబడిపోయాయి, సబ్బు మీది అక్షరాల్లాగా. తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు పుల్లతో పొడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి, తుప్పు జాడే లేదు. బానెట్ మీద రంగు రెండు చోట్ల పలచబడి అడుగు పూత లీలగా కనిపిస్తోంది, కుడిపక్క ఒకచోట, ఎడమపక్క ఒకచోట. రెండూ గుండ్రంగా, చేయి తిరిగినంత మేర.

ఆమె బండి ముందు నిలబడి గాలిలో చేయి తిప్పి చూసుకుంది. కుడిచేత్తో తుడిస్తే బలమంతా ఒక పక్కనే పడుతుంది. మరి రెండో పక్క?

ఫోను తీసింది. “మీది ఎడమచేతి వాటమా?”

“రేపు పోటీ పెట్టుకుని ఇదేం ప్రశ్నండీ?” అన్నాడు అతను.

“అవునా, కాదా?”

“అవును.”

“మీ నాన్నగారు?”

“కుడి. చిన్నప్పుడు నా చెయ్యి మార్పించాలని కూడా చూశారు.”

“మారలేదుగా?”

“లేదు.”

“బతికించారు,” అని పెట్టేసింది.

ఇంటికి వచ్చి బండిని ముందు పెట్టుకుంది. ప్లాస్టరు బురదను తడి దూదితో నానబెట్టి, పళ్లు గీకే పనిముట్టుతో పలుకు పలుకూ ఊడదీసింది. తుప్పు మాత్రం ఓ పట్టాన పోలేదు. స్పిరిట్ తగిలితే అడుగు రంగు కూడా లేచివచ్చింది. తలుపులు రెండూ మళ్లీ రంగు వేసింది. కనురెప్ప వెంట్రుకంత కుంచెతో దిద్దిన అక్షరాలు పోయాయి, మళ్లీ దిద్దింది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా?” అంది తల్లి టీ గ్లాసు పక్కన పెడుతూ. “ఆ జడ్జికి బురదే ఇష్టం అన్నావుగా. ఇప్పుడు కడిగేస్తే మళ్లీ బొమ్మ అనడూ?”

“అంటాడేమో.”

“మరి?”

“అననీ. ఈసారి నేను చేస్తున్నది ఆయన కోసం కాదు.”

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే పిల్ల అని తల్లి ఇన్నాళ్లూ తిట్టుకుంది. ఇవాళ ఆ పట్టుదల చూస్తే ఎందుకో ముద్దొచ్చింది. దీపం దగ్గరికి జరిపి వెళ్లింది.

రంగు ఆరాక అసలు పని. మెత్తటి గుడ్డను వేలికి చుట్టుకుని, బానెట్ మీద కుడిపక్క తుడవడం మొదలుపెట్టింది. రంగుతో వేస్తే అబద్ధం అవుతుంది, అరగదీస్తేనే నిజం. అడుగు పూత లీలగా కనిపించేదాకా తుడిచింది. తర్వాత గుడ్డను ఎడమచేతికి మార్చుకుని రెండో పక్క. అలవాటు లేని చెయ్యి నొప్పి పెట్టింది. ఆ నొప్పిలో ఆమెకు, పొద్దున్నే వంగి చక్రాలు తోమే మనిషి ఒకడు కళ్లముందు నిలిచాడు. అతని మీద ప్రేమ కడుపులోంచి తన్నుకు వచ్చింది. ఏడుపు వస్తే రంగు మీద పడుతుందని మొహం పక్కకు తిప్పుకుంది.

పోటీ రోజు పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నం లోపు బండిని హాల్లో అప్పగించాలి. ఆమె పెట్టెను ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కి, హాలు దారి కాదని అతని ఇంటి దారి చెప్పింది.

పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. పెట్టె చూడగానే మొహం తిప్పుకున్నాడు. “మళ్లీ ఎందుకమ్మా?”

“ఇంకొక్కసారి చూడండి. నేనేం చెప్పను. అడిగినా చెప్పను. మీరే చూసి చెప్పండి.”

పెట్టె తెరిచి, బండిని బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. లోపలినుంచి అతను వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

పెద్దాయన చివరికి కళ్లజోడు పెట్టుకున్నాడు. ముందు తలుపు అడుగు చూశాడు. అక్షరాలు చూశాడు. వేలికొస బానెట్ కుడిపక్కకు వెళ్లి ఆగింది.

“ఇది నా చెయ్యి,” అన్నాడు తనలో తను.

వేలు ఎడమపక్కకు జరిగింది. అక్కడ ఆగిపోయింది.

“నేను దిగేనాటికి ఈ పక్కన రంగు చెక్కు చెదరలేదు,” అన్నాడు నెమ్మదిగా. “ఇంత అరగాలంటే... ఒకరోజు రెండురోజులు తుడిస్తే అరగదు ఇది.” తలెత్తి కొడుకును చూశాడు. “ఎండనక వాననక తుడిచావురా నువ్వు.”

“నేర్పింది మీరేగా నాన్నా.”

“ఆ రోజు ఈ అమ్మాయి అంత మాట అంటే నోరెందుకు మెదపలేదు?”

అతను తడబడ్డాడు. “ఆమె అంత సంబరంగా చెప్తుంటే... అది కాదని ఎలా అననూ?”

పెద్దాయన కొడుకును చూశాడు, ఆమెను చూశాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, తుడవాల్సిన దానికంటే ఎక్కువసేపు.

“తప్పు నాదిరా. నిన్నడక్కుండా బండినడిగాను,” అన్నాడు. తర్వాత ఆమెతో, “పోటీ ఇవాళ కాదూ?” అన్నాడు.

“ఇవాళే. ఈపాటికి హాలు తలుపులు మూసే వేళయింది. పర్లేదు సార్. నాకు కావలసింది అయిపోయింది.”

“ఏం పర్లేదు?” పెద్దాయన కుర్చీలోంచి లేచాడు, ఒక్కసారిగా పదేళ్లు తగ్గినట్టు. “ఒరేయ్, కారు తాళంచెవి ఎక్కడ?”

“నేను తోలతాను నాన్నా.”

“నువ్వు వెనక కూర్చుని పెట్టె పట్టుకో. నేను తోలతాను,” అని లోపలికి వెళ్లాడు. రిటైరయ్యాక ఆయన స్టీరింగ్ ముట్టుకోవడం అదే మొదటిసారట.

వరండాలో ఇద్దరే మిగిలారు.

“నాన్నతో చెప్తానన్న మాట ఒకటుంది,” అన్నాడు అతను.

“ముందు నాతో చెప్పండి.”

“మీకు తెలీదా?”

“తెలుసు. అయినా వినాలి.”

అతను ఊపిరి తీసుకున్నాడు. అక్షరాలు దిద్దేటప్పుడు బిగబట్టినట్టు బిగబట్టాడు. “మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందాం.”

“ఎంత ఇష్టం?”

“తెలీదు. కొలవలేదు.”

“కొలవకండి,” అంది ఆమె. “నాక్కూడా మీరంటే అంతే.”

పాత చిన్నకారు వాకిట్లోకి వచ్చి ఆగింది. ఇద్దరూ వెనక ఎక్కారు, మధ్యలో పెట్టె. పోటీ సంగతి అంటారా, తలుపులు మూస్తున్న మనిషి చేతి కిందనుంచి దూరి బండిని అప్పగించారు. ఆ జడ్జి బానెట్ దగ్గర చాలాసేపు ఆగాడు, రెండో బహుమతి ఇచ్చాడు. మొదటిది బురద నిండిన ఒక ట్రాక్టరుకు పోయింది. ఆమె ఆ ట్రాక్టరును ఎగాదిగా చూసి, వచ్చే ఏడు చూసుకుందాం అని అక్కడే పంతం పట్టింది.

అదంతా తర్వాతి మాట. ఆ వానలో, ఆ కారులో మాత్రం ఆమెకు బహుమతి ధ్యాసే లేదు. మలుపు వచ్చినప్పుడల్లా పెట్టె జారకుండా రెండు వైపులనుంచీ రెండు చేతులు పట్టుకుంటున్నాయి. మూడో మలుపు దగ్గర ఆ చేతులు పెట్టెను వదిలి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

వెనక చూసే అద్దంలో పెద్దాయన కళ్లు కనిపించాయి. ఇద్దరూ ఉలిక్కిపడి చేతులు విడదీసుకోబోయారు.

పెద్దాయన చేయి పైకెత్తి, ఆ అద్దాన్ని కారు పైకప్పు వైపు తిప్పేశాడు.

“పక్క అద్దాలు చాలు నాకు,” అన్నాడు రోడ్డు మీద చూపు తిప్పకుండా. “గట్టిగా పట్టుకోండి.”